తలనొప్పి వస్తే మీరేం చేస్తారు?

చెన్నై అంబత్తూరు ఎస్టేటులో షిఫ్టు మారే వేళ ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి. తలనొప్పి ఎంత మామూలు విషయమైపోయిందో తెలుస్తుంది. డాక్టరు చీటీ ఎవరి చేతిలోనూ ఉండదు. "తలైవలి మాత్తిరై" (తలనొప్పి మాత్ర) అంటే చాలు, షాపతను షీటులోంచి రెండు మాత్రలు కత్తిరించి ఇస్తాడు. ఒకటి పక్కనున్న టీ కొట్టులో టీతోపాటే గొంతులోకి పోతుంది, రెండోది చొక్కా జేబులోకి. అది ఏ తలనొప్పి అని అడిగేవారూ లేరు, ఇలాంటిదని చెప్పేవారూ లేరు.

అసలు అడగాల్సింది అదే. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 1988లో తొలిసారి తలనొప్పులన్నిటినీ వర్గాలుగా విడదీసి ఒక పట్టిక తయారుచేసింది. 2018లో వచ్చిన మూడో కూర్పులో వందకు పైగా రకాలున్నాయి. ఇన్ని రకాలున్నా, ఎక్కువగా వేధించే వాటిని పట్టివ్వడానికి రక్తపరీక్ష లేదు, స్కానూ లేదు. మైగ్రేన్ ఉన్నవారి సీటీ స్కాన్ సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు, అయినా నొప్పి పోవడం లేదు" అని ఇంట్లోవాళ్లు అనుమానంగా చూస్తారు. అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. నొప్పి పేరు తేలేది రోగి చెప్పే మాటల మీదే. అందుకే అనుభవమున్న న్యూరాలజిస్టు "ఎలా నొప్పి పుడుతోంది?" అనడంతో సరిపెట్టుకోడు, "నొప్పి వచ్చినప్పుడు మీరేం చేస్తారు?" అని కూడా అడుగుతాడు.

జవాబులు ముఖ్యంగా మూడు రకాలు. కణతలు నొక్కుకుంటూనో, తలకు గుడ్డ బిగించుకునో పని కొనసాగించేవారు ఒకరకం. తలకు రెండువైపులా పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు ఉంటుంది. నడిచినా మెట్లెక్కినా అది పెరగదు, వాంతి రాదు. అరగంట నుంచి ఏడు రోజుల దాకా ఉండవచ్చు. దీన్ని టెన్షన్ తలనొప్పి అంటారు. పేరులో టెన్షన్ ఉన్నంత మాత్రాన మనసులో దిగులు ఉన్నట్టేనని అర్థం కాదు.

రెండోరకం వారు కిటికీ తలుపులు మూసి, దీపం ఆర్పి, పక్కింటి టీవీ చప్పుడుకు కూడా విసుక్కుంటూ పడుకుంటారు. లేచి నాలుగడుగులు వేస్తే నొప్పి రెట్టింపవుతుంది. తరచు ఒకవైపే గుండె కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది, కడుపులో తిప్పుతుంది. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల వరకూ వదలదు. మనవాళ్లు పార్శ్వపు నొప్పి అనే మైగ్రేన్ ఇదే. అయితే చాలామందికి రెండువైపులా కూడా వస్తుంది కనుక ఆ పేరును మరీ పట్టుకుని కూర్చోకూడదు.

మూడోరకం వారు పడుకోలేరు, కూర్చోలేరు. గదిలో అటూ ఇటూ తిరుగుతారు, తలను గోడకేసి కొట్టుకునేవారూ ఉన్నారు. ఒక కంటి చుట్టూ సలాకతో పొడిచినంత బాధ, ఆ కంట్లోనే నీరు, ఆ వైపు ముక్కే కారడం. ఒక్కో దాడి 15 నిమిషాల నుంచి 3 గంటల వరకూ ఉంటుంది, రోజుకు ఎనిమిదిసార్ల దాకా రావచ్చు, అదీ తరచు గడియారం చూసుకున్నట్టు ఒకే వేళకు. ఇది క్లస్టర్ తలనొప్పి. అరుదైనది, మగవారిలో ఎక్కువ. దీనికి మామూలు మాత్రలు పనికిరావు. మాస్కు పెట్టి నిమిషానికి 12 నుంచి 15 లీటర్ల చొప్పున స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే పావుగంటలో తగ్గేవారు చాలామంది. ఇది క్లస్టర్ అని తెలియక, పంటినొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవారున్నారు.

ఇంత బాధ పెట్టే చోట, అసలు మెదడుకే నొప్పి తెలియదు. అందుకే కొన్ని మెదడు ఆపరేషన్లు రోగి మెలకువగా మాట్లాడుతుండగానే చేస్తారు. నొప్పి తెలిసేది మెదడును కప్పిన పొరలకు, వాటిలోని రక్తనాళాలకు, తల, మెడ కండరాలకు. ముఖం, నుదురు, కంటి వెనుక భాగం, ఆ పొరలు, వీటన్నిటి కబురూ మెదడుకు మోసేది ట్రైజెమినల్ నాడి. మెడ పైభాగం నుంచి వచ్చే నాడులు మెదడు మొదట్లో దీనితోనే కలుస్తాయి. మైగ్రేన్ వచ్చినప్పుడు మెడ పట్టేయడం అందుకే. "మెడ నరం పట్టింది, అందుకే తలనొప్పి" అని మసాజుకు పరిగెత్తేవారిలో చాలామంది కథ తలకిందులుగా చదువుతున్నారన్నమాట.

మైగ్రేన్ గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. నొప్పికి ముందు కొందరికి కళ్లముందు మిలమిల మెరిసే వంకరటింకర గీత కనిపిస్తుంది, మెల్లగా పెద్దదవుతూ చూపులో పక్కకు జరుగుతుంది. దీన్ని ఆరా అంటారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తనకొచ్చిన ఆరాను కాగితం మీద గీసుకుంటూ, అది జరిగే వేగాన్ని బట్టి మెదడు మీద ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతూ ఉండాలని 1941లో లెక్కగట్టాడు. మూడేళ్లకు, 1944లో, బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడులో సరిగ్గా అలాంటి అలనే చూశానని ప్రకటించాడు. ఆయన వెతికింది మూర్ఛవ్యాధి గురించి, దొరికింది ఇది. ఆ తర్వాత నొప్పి వంతు. ట్రైజెమినల్ నాడి కొసలు సీజీఆర్‌పీ అనే చిన్న ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి, రక్తనాళాలు వెడల్పవుతాయి, నొప్పి కబురు జోరందుకుంటుంది. ఈ గొలుసును విప్పినందుకు లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మోస్కోవిట్జ్, యెస్ ఓలెసెన్‌లకు 2021 బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. సీజీఆర్‌పీని అడ్డుకునే మందులు 2018 నుంచి వాడుకలోకి వచ్చాయి. ఖరీదు మాత్రం ఎస్టేటు జీతాలకు అందేది కాదు.

మన ఇళ్లలో మైగ్రేన్‌కు మారుపేర్లు ఎక్కువ. "పైత్యం చేసింది", "గ్యాస్ తలకెక్కింది", "సైనస్ ఉంది". వాంతి అయితే తేలికపడుతుంది కనుక తప్పు కడుపుదే అనుకుంటారు. నిజానికి మైగ్రేన్ దాడిలో కడుపు కదలిక మందగిస్తుంది. తిన్నది అరగదు, వేసుకున్న మాత్ర కూడా కిందికి దిగదు. అందుకే మాత్ర ఏదైనా నొప్పి ముదరకముందే వేసుకోవాలి, అవసరమైతే డాక్టర్లు వాంతి ఆగే మందు కూడా జోడిస్తారు. సైనస్ మాటకొస్తే, తమది సైనస్ తలనొప్పేనని నమ్మిన 2,991 మందిని అమెరికాలో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలే. బీపీ కూడా ఇలా అపవాదు మోసేదే. పై అంకె 180, కింది అంకె 120 దాటితే తప్ప అది సాధారణంగా తలనొప్పి తేదు. తల నొప్పిగా లేదు కదా అని బీపీ మాత్ర మానేయడం మరీ ప్రమాదం.

ఇక తలంటు. శుక్రవారం తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని పూజకు కూర్చున్న ఆడవాళ్లు మధ్యాహ్నానికి మంచమెక్కడం మనకు కొత్త కాదు. పాశ్చాత్య పుస్తకాల్లో ఈ కారణం లేదు. ముంబయి న్యూరాలజిస్టు కె. రవిశంకర్ ఇలాంటి 94 మంది భారతీయ రోగుల వివరాలు సేకరించి 2006లో అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. అమ్మమ్మలు చెప్పిన మాట అలా వైద్యశాస్త్రంలో చోటు సంపాదించుకుంది. బెంగళూరు నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో, ఒక ఏడాదిలో పెద్దవాళ్లలో నూటికి 64 మందికి ఏదో ఒక తలనొప్పి, 25 మందికి మైగ్రేన్ ఉన్నట్టు తేలింది. ఆడవారిలో మైగ్రేన్ ఎక్కువ. నెలసరి ముందు ఈస్ట్రోజన్ తగ్గడం అందుకు ఒక కారణం. ఆరాతో మైగ్రేన్ వచ్చే ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది.

తలనొప్పి అనగానే తెలుగువాడికి గుర్తొచ్చే పసుపుపచ్చ సీసా ఉంది కదా, దాని ఊరు కూడా ఈ చెన్నై నగరమే. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1914లో ఆంధ్రపత్రికతో పాటు మద్రాసు తెచ్చారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి ప్రచారం చేశారని చెబుతారు. అందులోని చల్లదనం భ్రమేనా? కాదు. చలి తెలిపే నాడులకు టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుందనీ, మెంథాల్ దాన్ని నేరుగా తట్టి లేపుతుందనీ 2002లో తేలింది. ఆ పని చేసినవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. పదిశాతం పుదీనా నూనెను నుదుటికి, కణతలకు రాస్తే టెన్షన్ తలనొప్పికి పారాసిటమాల్ అంత పనిచేసిందని 1996లో జర్మనీలో ఒక ప్రయోగం చూపింది. బామ్ రాసుకోవడాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, కళ్లలో పడకుండా చూసుకుంటే చాలు. పసిపిల్లలకు మాత్రం రాయకూడదు.

మళ్లీ ఎస్టేటుకు వద్దాం. 1964లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఏర్పాటుచేసిన ఈ పారిశ్రామికవాడలో లేతు మిషన్ల నుంచి కంప్యూటర్ల దాకా అన్నీ ఉన్నాయి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి గదులు తీసుకుని ఉంటున్న మనవాళ్లూ ఉన్నారు. ఇక్కడి తలనొప్పులకు కొన్ని సొంత కారణాలుంటాయి. బిగుతైన హెల్మెట్ పెట్టుకున్న గంటలోపు మొదలై, తీసిన గంటలోపు పోయే నొప్పికి అంతర్జాతీయ పట్టికలో విడిగా పేరే ఉంది. దానికి మందు సరైన సైజు హెల్మెటే. పెయింటు, థిన్నర్ వాసనల మధ్య పనిచేసేవారికి గాలి ఆడాలి. మూసిన షెడ్డులో జనరేటర్ నడుస్తూ ఉంటే, ఒకేసారి నలుగురికి తలనొప్పి వస్తే, మాత్ర కోసం కాదు, బయటికి పరిగెత్తాలి. అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు, దానికి వాసన ఉండదు. కుట్టుమిషన్ల హాళ్లలో టాయిలెట్‌కు లేవాల్సివస్తుందని నీళ్లు తాగడం మానుకునే ఆడపిల్లల తలనొప్పికి కారణం వాళ్ల తలలో లేదు, పని ఏర్పాట్లలో ఉంది. రాత్రి షిఫ్టు, పగటి షిఫ్టు వారం వారం మారుతుంటే నిద్ర చెదిరి మైగ్రేన్ రేగుతుంది. మైగ్రేన్ తలకు మార్పు గిట్టదు. తిండి వేళ, నిద్ర వేళ, కాఫీ వేళ రోజూ ఒకటే అయితే దాడులు తగ్గుతాయి.

ఫ్యాక్టరీల మాట వచ్చింది కనుక పాత కథ ఒకటి. 1847లో నైట్రోగ్లిసరిన్‌ను తయారుచేసిన ఇటలీ రసాయన శాస్త్రవేత్త సోబ్రేరో, కాస్త నాలుకకు తగిలించుకోగానే తల పగిలిపోయేంత నొప్పి వచ్చిందని రాశాడు. తర్వాత దాంతో డైనమైట్ తయారుచేసే ఫ్యాక్టరీల కార్మికులకు ఆదివారం సెలవు గడిపి సోమవారం పనికి రాగానే తలనొప్పి పట్టుకునేది, వారం మధ్యకు పోయేది. శరీరం ఆ పదార్థానికి అలవాటుపడటం, సెలవుతో ఆ అలవాటు పోవడం అందుకు కారణం. తెలివైన కార్మికులు సెలవునాడు కూడా టోపీ పట్టీకి కాస్త రాసుకునేవారట! నేటి పరిశోధకులు ప్రయోగశాలలో మైగ్రేన్ తెప్పించడానికి వాడే మందుల్లో నైట్రోగ్లిసరిన్ ఒకటి.

మన సంగతీ దాదాపు ఇలాంటిదే, మాత్రల విషయంలో. తలనొప్పి తగ్గించే మాత్రే తలనొప్పి పుట్టిస్తుందంటే ఎవరూ నమ్మరు. కానీ మూడు నెలలకు మించి, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి విడి మాత్రలు నెలకు 15 రోజులు, లేదా కెఫీన్ వగైరా కలిపిన మిశ్రమ మాత్రలు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు నెలకు 10 రోజులు వాడితే, అప్పటికే తలనొప్పి తత్వం ఉన్నవారికి నొప్పి రోజువారీ అయిపోతుంది. మాత్ర ప్రభావం దిగగానే నొప్పి, నొప్పికి మళ్లీ మాత్ర. మానేస్తే మొదటి కొద్దిరోజులు మరీ కష్టంగా ఉంటుంది, దాటితే చాలామంది తేలికపడతారు. డాక్టరు సాయంతో మానడం మంచిది. రోజూ మూడు నాలుగు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగేవారు ఏకాదశినాడు ఒక్కసారిగా మానేస్తే వచ్చే నొప్పి కూడా ఈ కోవలోదే. దాడులు నెలకు నాలుగు రోజులకు మించితే, నొప్పి వచ్చాక వేసుకునే మాత్రలతో కాలం గడపకుండా, రాకుండా చూసే మందుల గురించి అడగాలి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటివి పాతవే, చవకైనవే. ఈఎస్‌ఐ కార్డు ఉన్నవారికి డాక్టరు సలహాకు ఖర్చు కూడా లేదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వేళ, జ్వరంతో పాటు కళ్ల వెనుక నొప్పి వస్తే డెంగీ అనుకుని పారాసిటమాల్ మాత్రమే వేసుకోవాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు. మెడ బిగుసుకుపోయి జ్వరం ఉన్నా, మాట తడబడినా, చేయి కాలు పడిపోయినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా, గర్భిణికి లేదా బాలింతకు కొత్తగా వచ్చినా, యాభై దాటాక జీవితంలో తొలిసారి వచ్చినా వాయిదా వేయకండి. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలోపు పరాకాష్ఠకు చేరిన నొప్పి మెదడులో రక్తనాళం చిట్లిన గుర్తు కావచ్చు. అప్పుడు మందుల షాపు కాదు, 108.

మిగతా అందరూ ఈ నెల నుంచే వంటింటి గోడ క్యాలెండరులో మాత్ర వేసుకున్న రోజు మీద పెన్నుతో చిన్న గీత పెట్టండి. గీతలు పది దాటితే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.