చెరువు పెద్దదే, తూమే సన్నం: గ్రాఫిక్స్ కార్డు కొనే పిల్లోళ్లకు నాలుగు మాటలు

పోయిన ఎండాకాలం మా అక్క వడ్లమ్మిన దుడ్లలోంచి 40 వేలు తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఇంటర్ పాసైతే కంప్యూటర్ కొనిస్తానని వానికి ఎప్పుడో మాటిచ్చినాది. మావోడు రుద్రవరంలో బస్సెక్కి టౌనుకు పోయి, ఒక అంగట్లో గేమింగ్ పీసీ అని చెప్తే తెచ్చుకున్నాడు. చూస్తే అద్దాల క్యాబినెట్, రంగురంగుల లైట్లు, ఇల్లంతా జాతర మాదిరి ఉండాది. జీటీఏ 5 పెడితే మాత్రం అందులో కారు ఎడ్లబండి లెక్కన ఆగి ఆగి పోతాది.

"మామా, 4 జీబీ కార్డు అన్యారే!" అని ఏడుపు మొకం పెట్టినాడు.

మూత తీసి చూసినా. లోపల ఉండేది జీటీ 730. 2014లో వచ్చిన కార్డది. కొత్త గేముల కోసం వచ్చే డ్రైవర్లు దానికి 2021తోనే ఆగిపోయినాయి. అంగడోడు అబద్ధమేం చెప్పలే, 4 జీబీ ఉన్నమాట నిజమే. మనోళ్లు మునిగేదే ఈ కాడ.

జీబీ అంటే చెరువులో ఎన్ని నీళ్లు పడ్తాయనే లెక్క. మడి తడిసేది చెరువు సైజుతో కాదు, తూము వెడల్పుతో. కార్డులో ఆ తూమును మెమరీ బ్యాండ్‌విడ్త్ అంటారు. జీటీ 730లో డీడీఆర్3 మెమరీ ఉండే రకాలకు సెకనుకు 14 నుంచి 29 జీబీ దాకా పారుతాది. అదే 4 జీబీ ఉండే జీటీఎక్స్ 1650కి 128 జీబీ పారుతాది. చెరువులు రెండూ ఒకటే సైజు, తూముల్లో ఇంత తేడా. లెక్కలు చేసే కోర్లు కూడా జీటీ 730లో 384కు మించవు, 1650లో 896 ఉంటాయి.

అందుకని అంగట్లో అడగాల్సింది "ఎన్ని జీబీ?" అని కాదు. "ఏ కార్డు, ఏ మెమరీ, ఎన్ని బిట్లు?" అని అడగల్ల. పేరు ఒకటే ఉన్నా నమ్మేదానికి లేదు. ఆర్‌టీఎక్స్ 3050నే చూడండి. 2022లో వచ్చింది 8 జీబీ, 128 బిట్లు. 2024లో అదే పేరుతో వచ్చింది 6 జీబీ, 96 బిట్లు, కోర్లు కూడా తక్కువ. బిల్లులో ఉత్త "3050" అని రాపిస్తే మీకు ఏది ఇచ్చినా నోరెత్తలేరు.

ఇంగ రెండోది ఎస్‌ఎంపీఎస్, అంటే పీసీకి కరెంటు పంచే డబ్బా. దీన్ని ఎవురూ పట్టించుకోరు. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది ఎక్కువలో ఎక్కువ 75 వాట్లు. అంతకు మించి తాగే కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు పెట్టల్ల. చవక క్యాబినెట్‌తో పాటు వచ్చే డబ్బా మీద 450 వాట్లని రాసుంటాది గానీ, దాన్ని నమ్ముకొని పెద్ద కార్డు పెడితే గేము మధ్యలో పీసీ ఆగిపోతాది, ఒక్కోసారి బోర్డు కూడా కాలిపోతాది.

కాబట్టి ముందు మన ఇంట్లో ఏముందో చూసుకోండి. పాత ఆఫీసు పీసీ, మామూలు ఎస్‌ఎంపీఎస్ అయితే 70 వాట్లతో నడిచే 3050 6 జీబీ రకం చూడొచ్చు, చాలా మోడళ్లకు వేరే వైరు అక్కర్లేదు. పేరున్న కంపెనీ ఎస్‌ఎంపీఎస్, 8 పిన్నుల వైరు ఉంటే ఆర్‌ఎక్స్ 6600 దానికన్నా గట్టి కార్డు. 8 జీబీ ఉంటాది, 132 వాట్లు తాగుతాది. మామూలు 1080పీ మానిటరుకు అది సరిపోతాది. ఇంటెల్ ఆర్క్ ఏ750 కూడా మంచిదే, కాకుంటే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేని పాత బోర్డుల్లో దాని బలం బాగా తగ్గిపోతాది.

సెకండ్‌హ్యాండ్ సంగతి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ కార్డులతో చేసేది ఆగిపోయినాక, రాత్రింబగళ్లు తిప్పిన కార్డులు మార్కెట్లో కొచ్చి పడినాయి. ఆర్‌ఎక్స్ 580 లాంటివి అట్ల చానా ఉన్నాయి. కొనొద్దని చెప్పను. అరగంట గేము ఆడించి, వేడి, ఫ్యాను సద్దు చూసి కొనండి. మన నంద్యాల పక్క మే నెల ఎండల్లో ఎండిపోయిన పేస్టుతో ఆ కార్డు నిలబడల్ల గదా. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండాది. పాత చిప్పుకు కొత్త పేరు తగిలించిన దొంగ కార్డులను చానామటుకు అదే పట్టిస్తాది.

దుడ్లు చాలకుంటే అసలు కార్డే కొనొద్దు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లో గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. ఒకే 16 జీబీ ర్యామ్ ముక్క బదులు రెండు 8 జీబీ ముక్కలు పెడితే దానికి తూము రెండింతలైతాది. వాలొరెంట్ లాంటి గేములు బాగానే ఆడ్తాయి. మల్లా పంటకు మంచి కార్డు తెచ్చుకోవచ్చు. మావోనికి ఈ మాట ముందే చెప్పేవాళ్లు లేకపోయినారు. లైట్లకు, అద్దాలకు పోను మిగిలిన దుడ్లతో కార్డు కొన్యాడు. కార్డుకు ముందు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో క్యాబినెట్ చూసుకోవాల్సింది.

కార్డు ఎనక్కి ఇద్దామని పోతే అంగడోడు "బిల్లేది?" అన్యాడు. మావోడు జీఎస్టీ తగ్గుతాదని బిల్లు తీసుకోలే. గ్రాఫిక్స్ కార్డు మీద జీఎస్టీ 18 శాతం. అది మిగిల్చుకుంటే వారంటీ పోయినట్లే.

ఇదంతా ఇని మా అక్క ఒకటే అనింది. "వడ్ల ఇత్తనాలు కొనేటప్పుడు నేను సంచి మీద బొమ్మ చూసి కొంటానా? రకమేందో, లాట్ నంబరేందో చూసి బిల్లు రాపించుకోనా? నువ్వు నాతో ఒక మాట అడిగింటే పోయేదిరా."

కంప్యూటర్ అంటే ఏందో ఆమెకు తెల్దు. కొనేది ఎట్లనో మా అందరికన్నా ఆమెకే తెలుసు.