ముప్పయి అయిదేళ్ల మౌనం

అనుభవం ఒక్కటే అయినా, దానిని చెప్పే సాహిత్య ప్రక్రియను బట్టి అది వేరువేరు రూపాలు ధరిస్తుంది. నవలాకారుడు పాత్రల చాటున నిలిచి మాట్లాడగలడు. చరిత్రకారుడు పత్రాలను, సాక్ష్యాలను ముందుంచి తాను వెనుకకు తప్పుకొంటాడు. స్వీయ స్మృతులు రాసేవానికి మాత్రం ఏ చాటూ లేదు. ఈ మూడు దారులలోనూ నడిచిన అమెరికన్ రచయిత విలియం మాంచెస్టర్. మూడవ దారిలోకి అడుగు పెట్టడానికి ఆయనకు ముప్పయి అయిదు సంవత్సరాలు పట్టింది.

మాంచెస్టర్ 1922లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆటిల్‌బరో పట్టణంలో జన్మించారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళ సైనికునిగా పోరాడి గాయపడినవారు. కుమారుడు కూడా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అదే దళంలో చేరి, 1945లో జపానుకు చెందిన ఓకినావా ద్వీపంలో యుద్ధం చేశారు. ఆ సంవత్సరం జూన్ నెలలో తీవ్రంగా గాయపడ్డారు. యుద్ధానంతరం బాల్టిమోర్ సన్ పత్రికలో విలేకరిగా పనిచేస్తూ భారతదేశానికీ వచ్చారు.

ఆయన తొలి నవల ‘ది సిటీ ఆఫ్ యాంగర్’ 1953లో వెలువడింది. మన దేశానుభవం ‘షాడో ఆఫ్ ది మాన్‌సూన్’ అనే మరో నవలకు నేపథ్యమైంది. నవలలు ఆయనకు పెద్ద పేరు తేలేదు. అయితే దృశ్యాన్ని కళ్లకు కట్టించడం, ఉత్కంఠను నిలపడం వంటి నేర్పులు ఆయన చరిత్ర రచనలో పండినాయి. కెనడీ హత్యపై 1967లో వచ్చిన ‘ది డెత్ ఆఫ్ ఎ ప్రెసిడెంట్’ నవలవలె చదివిస్తుంది.

1978లో ఆయన సేనాని డగ్లస్ మెకార్థర్ జీవిత చరిత్రను ‘అమెరికన్ సీజర్’ పేరుతో ప్రకటించారు. మెకార్థర్ కందకంలో దాక్కునే సేనాని అని సామాన్య సైనికులు ఎగతాళి చేసేవారు. మాంచెస్టర్ ఆధారాలను పరిశీలించి ఆ నింద అన్యాయమని తేల్చారు. ఆ సేనాని అహంకారాన్ని కూడా దాచలేదు. ఇంత చేసినా తన యుద్ధాన్ని గురించి మాత్రం ఆయన పుస్తకం రాయలేదు. కలలు మాత్రం ఆయనను వదలలేదు. ఒక కొండపై యువ సార్జెంటు ఒకడు వృద్ధుడైన తనకు ఎదురై నిలదీసేవాడు. ఆ సార్జెంటు కూడా తానే.

చివరకు 1978లో ఆయన పసిఫిక్ ద్వీపాలకు ప్రయాణమయ్యారు. 1980లో ‘గుడ్‌బై, డార్క్‌నెస్’ వెలువడింది. ఈ గ్రంథం తీరు విలక్షణమైనది. గ్వాడల్‌కెనాల్, టరావా మొదలైన చోట్ల జరిగిన పోరాటాలను చరిత్రకారునిగా వివరిస్తూనే, మధ్య మధ్య సైనికునిగా మాట్లాడతారు. స్వయంగా పోరాడినది ఓకినావాలోనే. కనుక పాఠకుడు చరిత్ర ఎక్కడ ఆగిందో, స్మృతి ఎక్కడ మొదలైందో గమనిస్తూ చదవవలసి ఉంటుంది. ఇది ఈ గ్రంథానికి లోపమూ, ఆకర్షణా కూడా.

ఓకినావాలోని షుగర్‌లోఫ్ అనే గుట్ట ఎత్తు సుమారు 50 అడుగులే. మన ఊళ్లలో అయితే దానికి పేరు కూడా ఉండదేమో! అయినా దానిని పట్టుకోవడానికి 1945 మే నెలలో జరిగిన పోరులో రెండు వేలకు పైగా అమెరికన్ సైనికులు మరణించారు లేదా గాయపడ్డారు. కారణం ఏమిటి? జపాను సేన తీరంలో అడ్డుకోకుండా, ద్వీపం దక్షిణ భాగంలోని గుట్టలలో సొరంగాలు తవ్వి కాచుకొంది. ఒక గుట్ట ఎక్కేవారిపై పక్కనున్న రెండు గుట్టల నుండి గుండ్ల వర్షం కురిసేది. ఒక్కదానిని గెలవాలంటే మూడింటితోనూ పోరాడాలి. ఇటువంటి విషయాన్ని చరిత్రకారుడు చక్కగా విశదీకరించగలడు.

చరిత్రకారునికి అందనిది ఆ గ్రంథం తొలి పుటలలోనే ఉంది. యువ మాంచెస్టర్ ఒక గుడిసెలోకి దూసుకుపోయి, పొంచి కాల్చే జపాను సైనికుని చంపుతాడు. తుపాకీ పట్టీలో చిక్కుకున్న ఆ శత్రువు అతనివైపు తిరగలేకపోయాడు. చచ్చినవాని కంటిపై ఈగ వాలుతుంది. చంపినవాడు వణుకుతూ, ఏడుస్తూ, తనను క్షమించమని గొణుగుతాడు. వాంతి చేసుకుంటాడు. వీరత్వపు మాట ఒక్కటి కూడా అక్కడ వినిపించదు.

మరొక ఘట్టంలో స్వల్పంగా గాయపడి ఆసుపత్రికి చేరిన సార్జెంటు, సురక్షితంగా ఇంటికి పోగల అవకాశాన్ని వదలి, అనుమతి లేకుండానే తిరిగి తన దళం చెంతకు వెళ్తాడు. ఎందుకు వెళ్లానని రచయిత ముప్పయి అయిదేళ్లు తనను తానే ప్రశ్నించుకొన్నారు. దేశభక్తీ, కీర్తికాంక్షా ఆయనకు సరైన సమాధానాలుగా తోచలేదు. ఆ తోటి సైనికులే తన కుటుంబం, వారిని విడిచి ఉండలేకపోయానన్నదే ఆయన కనుగొన్న జవాబు.

తరువాత ఆయన చర్చిల్ జీవిత చరిత్ర ‘ది లాస్ట్ లయన్’కు పూనుకొన్నారు. 1983లో మొదటి సంపుటం, 1988లో రెండవది వచ్చాయి. అనారోగ్యం వల్ల మూడవదానిని పాత్రికేయుడు పాల్ రీడ్‌కు అప్పగించి, 2004లో కన్నుమూశారు. ఆ సంపుటం 2012లో వెలువడింది.

స్మృతులు రాసినంత మాత్రాన యుద్ధం ఆయన మనసులో ముగిసిపోలేదు. 1987లో ఓకినావాలో అమెరికన్, జపాను మాజీ సైనికులు కలిసి జరుపుకొన్న సంస్మరణ సభకు ఆయనకూ పిలుపు వచ్చింది. చంపిన శత్రువును క్షమాపణ అడిగిన ఆ చేయి, బతికి ఉన్న మాజీ శత్రువుతో కలవడానికి ఒప్పుకోలేదు. ఆయన వెళ్లలేదు, ఎందుకు వెళ్లలేకపోయారో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దాచకుండా రాశారు.