ఒక పది అంకెల సంఖ్య కథ



429,49,67,297. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ఈ ఒక్క సంఖ్య గురించే మేము రాస్తున్నాం. 2³²కు ఒకటి కలిపితే ఇది వస్తుంది.

దీని కథ 1640లో ఫ్రాన్సులో మొదలైంది. ఫెర్మా వృత్తిరీత్యా న్యాయాధికారి, లెక్కలు ఆయనకు ఇష్టమైన వ్యాపకం. 2 మీద ఘాతంగా 1, 2, 4, 8, 16 వేసి, ఒకటి చొప్పున కలిపితే 3, 5, 17, 257, 65,537 వచ్చాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇక ముందు వచ్చేవి కూడా అంతేనని ఆయన నమ్మాడు. రుజువు మాత్రం లేదు. వరుసలో తర్వాతి సంఖ్యే మనది. 1729లో గోల్డ్‌బాక్ ఈ విషయాన్ని ఉత్తరంలో ఆయిలర్‌కు గుర్తుచేశాడు. (1729 అనగానే రామానుజన్ గుర్తొస్తే తప్పు లేదు, కానీ అది కాకతాళీయమే.) 1732లో ఆయిలర్ తేల్చాడు: మన సంఖ్య 641తో నిశ్శేషంగా భాగించబడుతుంది!

మా ఇళ్లలో మాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. అచ్చులో ఉన్నదాన్ని ప్రశ్నించవచ్చని మాకు చెప్పినవాళ్లూ లేరు. అందుకే ఈ లెక్కను ఊరికే నమ్మకుండా, స్టడీ అవర్లో ట్రంకు పెట్టె మీద కాగితం పెట్టుకుని గుణించి చూశాం. మా క్యాలిక్యులేటర్‌లో ఎనిమిది అంకెలే పడతాయి కాబట్టి చేత్తోనే చేశాం. 67,00,417ను 600తో గుణిస్తే 402,02,50,200. 40తో గుణిస్తే 26,80,16,680. మరో 67,00,417 కలపండి. సరిగ్గా మన సంఖ్యే!

గుణకారం కూడా అక్కర్లేని దారి ఒకటుంది, మాకు అదే ఎక్కువ నచ్చింది. 640 అంటే 5 × 2⁷. అది 641 కంటే ఒకటి తక్కువ, అంటే 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే శేషం 1. అంటే 5⁴ × 2²⁸కు శేషం 1. ఇక 5⁴ అంటే 625, అది 641 కంటే 16 తక్కువ. కాబట్టి 625 స్థానంలో −16, అంటే −2⁴ వేయవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1, 2³²కు శేషం −1. ఒకటి కలిపితే సున్నా. పదో తరగతి లెక్కలు చాలు.

మరి 641 ఎక్కడ దొరికింది? ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగహారానికే దొరుకుతుంది. ఆ నియమం తెలియకపోయినా, 2 నుంచి వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోతే 641 నూట పదహారోది. ఓపికుంటే ఒక్క ఆదివారం పని!

ఫెర్మా చెప్పిన ఆ ఐదు తప్ప ఈ వరుసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. ఘాతం 2³² దాకా అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. ఆ తర్వాతిది, అంటే ఘాతం 2³³ ఉన్నది, ఏమిటో ఇంకా ఎవరూ తేల్చలేదు. దాని అంకెలే 258 కోట్లకు పైన.