సోమవారం కడుపునొప్పి

మీ అబ్బాయికి తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉంటాయి. ఆదివారం రాత్రి దాకా చక్కగా ఆడుకున్నాడు. పెరుగన్నం రెండోసారి వేయించుకుని తిన్నాడు. సోమవారం ఉదయం ఏడున్నరకు, ఆటో వచ్చే వేళకు, పొట్ట పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయాడు. మీరు వాము నమలమన్నారు. నాయనమ్మ దిష్టి తీసింది. ఆటో వెళ్ళిపోయింది. పది గంటలకల్లా నొప్పి లేదు. పదకొండింటికి వాడు మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నాడు! "దొంగవేషాలు" అని వాళ్ళ నాన్న నాలుగు తగిలించారు.

ఇదే మూడోవారం కూడా జరిగితే మీరు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మానియా ఆసుపత్రికో, అక్కడివారు చెబితే నీలోఫర్‌కో వెళతారు. నులిపురుగుల మందు, రక్తపరీక్ష, స్కానింగ్. అన్నీ బాగానే ఉన్నాయని కాగితాలు చేతికిస్తారు. మీకు సంతోషం కలగాలి, కాని కలగదు. అన్నీ బాగుంటే మరి నొప్పి ఎందుకు?

మొదట ఒక సంగతి తెలుసుకోండి. చాలామంది పిల్లల విషయంలో ఇది నటన కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. భయం కలిగినప్పుడు మెదడు నుంచి వెళ్ళే సంకేతాలు గుండె వేగాన్ని పెంచినట్టే పేగుల కదలికనూ మారుస్తాయి. పెద్దవాళ్ళం మనకే ఇంటర్వ్యూకి పిలిచే ముందు బాత్‌రూముకు పరిగెత్తాలనిపించదూ? "నాకు బడి అంటే బెంగగా ఉంది" అని చెప్పడానికి తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మాటలు చాలవు. అందుకని పొట్ట చెబుతుంది. కొందరికి తలనొప్పి, కొందరికి వాంతి వచ్చినట్టుండటం, కొందరు ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలుపెట్టడం.

అలాగని ప్రతి కడుపునొప్పినీ మనసు మీదికి నెట్టకండి. నొప్పి పిల్లవాణ్ణి నిద్రలోంచి లేపుతున్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, మాటిమాటికీ వాంతులవుతున్నా, నొప్పి బొడ్డు చుట్టూ కాక ఒక పక్కనే ఉంటున్నా అది శరీరానికి సంబంధించిన జబ్బు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించవలసిందే.

ఇవేవీ లేకపోతే ఒక పని చేయండి. గోడ మీది క్యాలెండరులో నొప్పి వచ్చిన రోజున పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టండి. నెల తిరిగేసరికి ఆ గుర్తులే మీకు సగం సంగతి చెబుతాయి. సెలవుల్లో ఒక్క గుర్తు కూడా లేదా? మంగళ, శుక్రవారాల్లోనే ఉందా? అయితే వాడి టైంటేబులు తీసి ఆ రోజుల్లో ఏ పీరియడ్లు ఉన్నాయో చూడండి.

కారణం ఒక్కొక్కసారి మనం ఊహించనంత చిన్నది. బడిలో మరుగుదొడ్డి కంపు కొడుతుంటుంది, గడియ ఉండదు. దానికి భయపడి పిల్ల ఉదయం నుంచి నీళ్ళు తాగదు. ఆటోలో పెద్దపిల్లలు టిఫిన్ డబ్బా లాక్కుంటారు. జిల్లానుంచి వచ్చిన కుటుంబాల్లో, మొన్నటిదాకా తెలుగులో చదివిన పిల్లను ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో వేస్తారు. అఫ్జల్‌గంజ్, గౌలిగూడ, బేగంబజారు చుట్టుపక్కల ఇళ్ళలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ అన్నీ వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి, బడిలో మూడోది. టీచరు ప్రశ్న అర్థమై, జవాబు తెలిసి కూడా నోరు పెగలక నిలబడిపోయిన పిల్లను తక్కినవాళ్ళు నవ్వుతారు. ఆ మర్నాడే కడుపునొప్పి. దెబ్బల సంగతి చెప్పనే అక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెంచీ మీద నిలబెట్టి అవమానించడం కూడా వేధింపే. ఇక కారణం బడిలో కాక ఇంట్లోనే, అమ్మానాన్నల తగాదాల్లోనే ఉండవచ్చు. అది మీరే ఆలోచించుకోవాలి.

కారణం తెలిసేదాకా బడి మాన్పిద్దామా అని కొందరు తల్లులు అడుగుతారు. వద్దు. ఇంట్లో ఉన్నకొద్దీ బడి ఇంకా పెద్ద భూతమవుతుంది. టీచరుతో మాట్లాడి కొన్నాళ్ళు ఒకపూటయినా పంపండి. నొప్పి వస్తే కాసేపు ఎక్కడ కూర్చోవాలో ముందే ఏర్పాటు చేయండి.

పెద్ద తరగతుల పిల్లలు

పద్నాలుగు, పదిహేనేళ్ళు వచ్చేసరికి పొట్ట మాట్లాడటం తగ్గుతుంది. దిగులు మరో వేషం వేసుకుంటుంది. చిరాకు, తలుపు వేసుకోవడం, నిద్ర పట్టకపోవడం, స్నేహితులను వదిలేయడం, ఇష్టమైన క్రికెట్టు కూడా మానేయడం. "వయసు పొగరు" అని మనం సరిపెట్టుకుంటాం. ఇలాంటి మార్పు రెండు వారాలు దాటి నిలిచిందంటే పట్టించుకోవాలి. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళలోపు పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. అంటే యాభైమంది ఉన్న క్లాసులో ముగ్గురు, నలుగురు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. మూడున్నర లక్షల పైచిలుకు విద్యార్థులను అడిగితే నూటికి 81 మంది తమ ఆందోళనకు కారణం చదువు, పరీక్షలు, ఫలితాలే అన్నారు.

ఫలితాలంటే గుర్తొస్తుంది. అఫ్జల్‌గంజ్ నుంచి మొజంజాహి మార్కెట్ దాటి కాస్త ముందుకు వెళితే నాంపల్లి. ఇంటర్మీడియట్ బోర్డు కార్యాలయం అక్కడే ఉంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు ఎండలో ఆ గేటు ముందు నిలబడ్డ తల్లిదండ్రులను చాలామంది మరిచిపోయి ఉండరు. తెలుగులో 99 రావలసిన ఒకమ్మాయికి సున్నా వేశారు. ఫలితాల తర్వాత కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్ళీ పరిశీలించారు. మార్కుల తప్పు దిద్దగలిగారు. కాని ఆ పిల్లల్లో ఎవరికైనా, ఫలితం చూసిన గంటలో, "ఇదీ సంగతి" అని చెప్పుకోవడానికి కాలేజీలో ఒక మనిషి ఉన్నారా? నాకు ముఖ్యమని తోచే ప్రశ్న అది.

ఆ మనిషి ఎవరై ఉండాలి? "క్లాసు టీచరు ఉన్నారుగా" అంటారు. ఇక్కడ ఒక పరిశోధన సంగతి చెప్పాలి. బీహార్‌లోని నలందా జిల్లాలో 74 ప్రభుత్వ హైస్కూళ్ళలో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2018లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో శిక్షణ పొందిన సలహాదారును పెట్టారు. ఆయన పెద్ద డిగ్రీలున్న డాక్టరేమీ కాదు, మామూలు మనిషే. పిల్లలతో విడిగా మాట్లాడటం, గోడపత్రిక నడపడం, పేరు రాయకుండానే కష్టం చెప్పుకోవడానికి ఒక పెట్టె పెట్టడం ఆయన పనులు. ఇంకొన్ని బడుల్లో ఇవే పనులు అక్కడి టీచరుకే శిక్షణ ఇచ్చి అప్పగించారు. మిగిలినవాటిలో మామూలు జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రమే. ఏడాది తిరిగేసరికి సలహాదారు ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గింది, బడి వాతావరణమే మారింది. రెండో ఏడాదికి ఫలితం ఇంకా మెరుగయింది. టీచర్లకు అప్పగించిన బడుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు!

ఇది టీచర్లను తప్పుపట్టడం కాదు. అరవై కాపీలు దిద్ది, సిలబస్ పూర్తిచేసి, సర్వేలకు వెళ్ళే మనిషికి తీరిక ఎక్కడిది? పైగా, నాకు తోచింది చెబుతాను, ఉదయం మార్కులు వేసిన చేతికి మధ్యాహ్నం తన భయాన్ని అప్పగించడానికి ఏ పిల్లవాడూ జంకుతాడు.

ఏడాదికొకసారి ఎవరినో పిలిపించి ధ్యానం చేయించి, ఫొటోలు తీయించుకునే బడులున్నాయి. ధ్యానం మంచిదే. కాని బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో, 8 వేలకు మించిన పిల్లలకు టీచర్లచేత మనసును నిలిపే అభ్యాసాలు నేర్పించి చూస్తే, 2022లో వెల్లడైన ఫలితాల్లో మామూలు బడులకంటే మేలేమీ కనిపించలేదు.

బడిని ఏమని అడగాలి?

అడిగే హక్కు మీకిప్పుడు గట్టిగానే ఉంది. 2023లో విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతూ మరణించిన ఒకమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన సలహాదారు గాని, మనస్తత్వ నిపుణుడు గాని, సామాజిక కార్యకర్త గాని కనీసం ఒకరుండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు.

కనుక ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు ర్యాంకు ఒక్కటే అడిగి రాకండి. సలహాదారు ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు? ఆవిడే లెక్కలు కూడా చెబుతారా? పిల్లవాడు ప్రిన్సిపాలు గది ముందునుంచి అందరూ చూస్తుండగా వెళ్ళాలా, లేక మరో దారి ఉందా? అవతలివాళ్ళు తడబడితే మరో ఇద్దరు తల్లులను కలుపుకుని మళ్ళీ అడగండి. సలహాదారు దొరికాక మాత్రం మీరొక నిగ్రహం పాటించాలి. "మావాడు ఏం చెప్పాడండీ?" అని ఆరా తీయకండి. ప్రాణాపాయం ఉంటే వారే మీకు చెబుతారు. తక్కినది వాళ్ళిద్దరి మధ్యా ఉంటేనే పిల్లవాడు రెండోసారి వెళతాడు.

ఇంట్లో మాట్లాడటానికి భోజనాల వేళ మంచిది కాదు, అది విచారణలా ఉంటుంది. కూరలు తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో, ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కరలేనప్పుడు పిల్లలు తేలికగా చెబుతారు. చెప్పడం మొదలుపెట్టగానే "మీ బాబాయి కొడుకును చూడు" అన్నారో, ఇక ఆ తలుపు మూసుకున్నట్టే.

ఒక్క విషయంలో మాత్రం డొంకతిరుగుడు వద్దు. "నేను లేకపోతే మీకు హాయి" వంటి మాట నోట వచ్చినా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా, నాన్నా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. అడిగినందుకు బరువు దిగినట్టు ఏడ్చేసే పిల్లలే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందుబిళ్ళలు, పురుగుమందులు తాళంలో పెట్టండి. ఏదైనా చేసుకుంటే అర్ధరాత్రయినా సరే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది, శిక్షించమనదు.

మానసిక వైద్యుడి దగ్గరకంటే మాత్రం మన ఊళ్ళో జనం వెనక్కి తగ్గుతారు. "ఎర్రగడ్డకా?" అని ఒక నవ్వు. వెక్కిరింతకు వాడి వాడి ఆ పేరును అలా చేసుకున్నాం గాని, అక్కడున్నదీ ఆసుపత్రే. అంతదూరం వెళ్ళబుద్ధి కాకపోతే ముందు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను పిల్లవాడే చేయనక్కరలేదు. తల్లి చేయవచ్చు, బడిపంతులమ్మ చేయవచ్చు, ఆటోలో వాణ్ణి రోజూ దింపే మనిషి కూడా చేయవచ్చు.