మోటారు సైకిలు ముందు ఫోర్కు: మెరుగుపరచు క్రమము

ఇబ్రహీంపట్నం మండల గ్రామములనుండి హైదరాబాదు నగరమునకు పాలు, కూరగాయలు చేర్చువారికి మోటారు సైకిలు గొప్ప ఆధారము. నాగార్జునసాగరు రహదారి విడిచి ఊరి త్రోవ పట్టిన పిమ్మట గుంతలు, మిట్టలు తప్పవు. ఆ కుదుపు మొదట తగులునది ముందు ఫోర్కునకే.

పనిచేయు విధము

ఫోర్కునకు రెండు కాళ్లుండును. ఒక్కొక్క కాలిలో ఒకదానిలోనొకటి జారు రెండు గొట్టములు, లోపల స్ప్రింగు, కొంత నూనె ఉండును. స్ప్రింగు బరువును మోయును. నూనె సన్నని రంధ్రములగుండ దూరుచు స్ప్రింగు ఎగిరిపాటును అణచును. 1935లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థ తన ఆర్ 12 బండికి ఇట్టి ఫోర్కును అమర్చెను. నేటి మన బండ్లలో పెక్కింటికి మూలసూత్రము అదియే. నూనె తగ్గినచో చక్రము నేలను విడిచి ఎగురును. బ్రేకు వేసినపుడు బండి ముందుకు కుంగి పట్టు తప్పును.

ఏది ముందు, ఏది వెనుక

బిగువైన స్ప్రింగు వేయించిన చాలునని కొందరు తలంతురు. మితిమీరిన బిగువు చిన్న గుంతలను మ్రింగజాలదు. దెబ్బ చేతులకు వచ్చును. పాల క్యాన్లు వెనుక కట్టినపుడు ముందు భాగము తేలికపడును గాన, దోషము వెనుక షాక్ అబ్సార్బర్లదియు గావచ్చును.

కావున మొదట గొట్టములపై నూనె చెమ్మ కలదేమో చూడవలెను. ఉన్నచో ఆయిల్ సీళ్లు మార్పించి, తయారీదారు చెప్పిన రకపు నూనెను చెప్పిన కొలతలో రెండు కాళ్లకును పోయించవలెను. గొట్టము వంగినను, త్రుప్పుతో గరుకెక్కినను క్రొత్త సీలు నిలువదు. హ్యాండిలు కోను సెట్టును కూడ పరీక్షింపవలెను. ఇన్నియు సరియైన పిమ్మటనే బరువునకు తగిన స్ప్రింగులను జతగా మార్చవలెను. రిజిస్ట్రేషను వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది.

పంచాయతీ చేయదగినది

ఫోర్కు ఎంత మంచిదైనను నిట్టనిలువు సిమెంటు దిమ్మెకు తాళజాలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు సూచించిన గుండ్రని స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల యెత్తు గలది. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు ఉద్దేశింపబడినది. మూరెడు వెడల్పున జానెడెత్తు దిమ్మె చీకటిలో ప్రాణములకే ముప్పు. సభ్యులు తమ వీధులలోని దిమ్మెలను టేపుతో కొలిచి, సరికానివానిని చదును చేయించి, హెచ్చరిక బోర్డులు, తెల్ల చారలు ఏర్పరచుటకు గ్రామసభలో తీర్మానింతురు గాక!