ఎన్‌డీఆర్‌ఎఫ్: తుపానుకు ముందే మొదలయ్యే పని

ఎన్‌డీఆర్‌ఎఫ్ అంటే జాతీయ విపత్తు స్పందన దళం. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద 2006లో ఏర్పడింది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర బలగాల నుంచి వచ్చినవాళ్లతో 16 బెటాలియన్లు నడుస్తున్నాయి. పదోది మన గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఉంది. టీవీల్లో పడవలే కనిపిస్తాయి గానీ, ఈ దళం అసలు బలం గాలివాన రాకముందే రంపాలు, తాళ్లతో తీరానికి చేరుకోవడం. కూలిన చెట్టును కోసి దారి చేస్తేనే కదా అంబులెన్సు కదిలేది!

1999లో ఒడిశా తుపాను సుమారు 10 వేల మందిని బలిగొంది. 2013 ఫైలిన్ తుపానులో మృతులు 50 లోపే. ఆ ఘనత వాతావరణ హెచ్చరికలదీ, లక్షల మందిని ముందే తరలించిన జిల్లా యంత్రాంగానిదీ కాదా అంటే, చాలావరకు నిజమే. అయితే ఇల్లు వదలనివాళ్లు, ఉన్నట్టుండి నీళ్లు చుట్టుముట్టినవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దళం చేరేలోపు వాళ్లను ఆదుకునేది ఇరుగుపొరుగే. ఊరివాళ్లకు శిక్షణ ఇవ్వడమూ ఈ దళం పనే. పంచాయతీలు అడిగి మరీ ఇప్పించుకోవాలి.