ఒక్క పెట్టెలో స్టీరియో పడుతుందా?

సిడ్నీ శివార్లలో కౌన్సిల్ క్లీనప్ వచ్చిందంటే పాత సోఫాలతో పాటు నడుమెత్తు స్పీకర్ బాక్సులూ ఫుట్‌పాత్ పక్కకు చేరతాయి. ఇంట్లో వాటి స్థానం చెంబంత స్మార్ట్ స్పీకర్‌ది. చదువుకోవడానికి వచ్చిన మన కుర్రాళ్లు కొందరు ఆ బాక్సులను మోసుకెళ్లి అద్దె గదిలో పెట్టుకుంటారు. బేరంలో లాభపడింది ఎవరంటే, నా లెక్కలో కుర్రాళ్లే.

ఆస్ట్రేలియాకు స్మార్ట్ స్పీకర్లు వరసగా వచ్చాయి. 2017 జులైలో గూగుల్ హోమ్, 2018 ఫిబ్రవరిలో అమెజాన్ ఎకో. అదే నెల 9న యాపిల్ హోమ్‌పాడ్ మొదట అమ్మకానికి వచ్చిన మూడు దేశాల్లో అమెరికా, బ్రిటన్‌లతో పాటు ఇదీ ఒకటి. 1974లో మెల్‌బోర్న్ శివారులో హైఫై సెట్లు, రికార్డులు అమ్మడానికి జాన్ బార్బుటో తెరిచిన జేబీ హైఫై ఇప్పుడు వీటినీ అమ్ముతోంది. బోర్డు మీది ‘హైఫై’ మాత్రం చెక్కుచెదరలేదు.

అసలు పేచీ పెట్టె సైజు దగ్గర. ఆ లెక్క తేలింది కూడా సిడ్నీలోనే. 1961లో ఈఎంఐ కంపెనీ ఆస్ట్రేలియా శాఖ ఇంజినీరు నెవిల్ థీల్, రంధ్రం ఉండే స్పీకర్ పెట్టెల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటిదాకా చాలావరకు చెక్క కోయడం, వినడం, నచ్చకపోతే మళ్లీ కోయడం. థీల్ దాన్ని ఫిల్టర్ సర్క్యూట్ల గణితంలోకి తెచ్చారు. పదేళ్లపాటు బయట పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1971లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రిక పునర్ముద్రించాక గానీ లోకం కళ్లు తెరవలేదు. సిడ్నీ యూనివర్సిటీలో రిచర్డ్ స్మాల్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. ఇవాళ ఊఫర్ డిజైన్ చేసే ఎవరైనా మొదట వెతికేది ‘థీల్-స్మాల్’ అంకెలనే.

చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుతో గట్టి శబ్దం: మూడూ ఒకేసారి దొరకవని ఆ లెక్క. స్మార్ట్ స్పీకర్ మొదటి రెండూ తీసుకుని మూడోది వదిలేస్తుంది. లోపలి చిప్ బేస్‌కు కరెంటు దండిగా తోస్తుంది. వాల్యూమ్ తక్కువగా ఉన్నంతసేపు భలే ఉంటుంది. పెంచేకొద్దీ, బుల్లి ఊఫర్ దెబ్బతినకుండా ఆ చిప్పే బేస్‌ను చడీచప్పుడు లేకుండా కోసేస్తుంది. సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు పాట పీలగా వినిపించేది అందుకే.

ఇక రెండు చెవుల సంగతి. స్టీరియోకు 1931లో పేటెంట్ దరఖాస్తు చేసిన అలన్ బ్లమ్‌లీన్ కూడా లండన్‌లో ఈఎంఐ మనిషే. రెండు బాక్సులూ ఎడంగా ఉండి, మనం వాటికి ఎదురుగా కూర్చుంటేనే ఆయన విద్య పనిచేస్తుంది. ఘంటసాల పాత సినిమా పాటల్లో అత్యధికం మోనో, ఒక్క పెట్టెలో విన్నా అన్యాయమేమీ జరగదు. ఇళయరాజా ‘గీతాంజలి’ అలా కాదు. హోమ్‌పాడ్ ఏడు ట్వీటర్లతో గోడలకు శబ్దం కొట్టి వెడల్పు తెప్పించబోయింది. ఎంత చేసినా ఒక మూల నుంచే వస్తున్నట్టుంటుంది. రెండింటిని జత కలిపే వీలు 2018 మేలో వచ్చింది. అప్పట్లో ఒక్కోటి 499 ఆస్ట్రేలియా డాలర్లు. అంత డబ్బుకు సెకండ్‌హ్యాండ్‌లో మంచి యాంప్లిఫయర్, అడిలైడ్ కంపెనీ క్రిక్స్ బాక్సుల జత వెతుక్కోవచ్చు.

ఆయుష్షు మాటా చూడాలి. ఆ మొదటి హోమ్‌పాడ్‌ను యాపిల్ 2021లో ఆపేసింది. సోనోస్ 2020 మే నుంచి కొన్ని పాత మోడళ్లకు కొత్త ఫీచర్లు ఇవ్వడం మానేసింది. 1980ల నాటి బాక్సుకు సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. ఊఫర్ ఫోమ్ అంచు పొడైపోతే కొత్తది అతికించుకోవచ్చు.

వంటింట్లో మాత్రం స్మార్ట్ స్పీకరే నయం. చేతులు పిండిలో ఉన్నప్పుడు టైమర్ పెడుతుంది, ఎస్‌బీఎస్ తెలుగు వార్తలకు బేస్ అక్కర్లేదు. పలచటి గోడల అద్దె ఫ్లాట్‌లో పెద్ద ఊఫర్ మోగిస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు కూడా. తెలుగు పాట పేరు చెప్పి అడగడం ఒక్కటే ప్రహసనం. ఇంగ్లిష్ చెవికి మన పాటలు ఎక్కవు, చివరికి ఫోన్ తీయాల్సిందే.

హాల్లో పాత సెట్టు ఉంటే దాన్ని అలాగే ఉంచి, యాంప్లిఫయర్‌కు చిన్న స్ట్రీమర్ తగిలిస్తే చాలు. ఫోన్‌లోని పాటలన్నీ పెద్ద బాక్సుల్లో మోగుతాయి. నాలుగేళ్లకు స్ట్రీమర్ మూలపడితే మార్చాల్సింది దాన్నే. స్మార్ట్ స్పీకర్‌తోనే ఆ పని చేయించాలనుకుంటే కొనేముందు వెనక ఆక్స్ సాకెట్ చూసుకోండి. హోమ్‌పాడ్‌కు అసలు లేదు, ఎకోల్లో మోడల్‌ను బట్టి ఉంటుంది.